“మీ యూనివర్సిటీల వల్ల మాకేం ఒరిగింది?” అని ఊరు అడిగితే

ఒడిశా రాయగడ జిల్లా గుణుపూర్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ కాలేజీ, కాలేజీలు పల్లెలను దత్తత తీసుకునే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఐదు ఊళ్ళు తీసుకుంది, ఆ పని ఈయనకు అప్పగించారు. మొదటి ఊరికి వెళ్ళగానే ఒక పెద్దాయన “మళ్ళీ సర్వేయేనా బాబూ? పోయినసారి రాసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ కనపడలేదు. మీ యూనివర్సిటీల వల్ల మాకేం ఒరిగింది?” అన్నారట. చెప్పడానికి ఏమీ తోచలేదని రాశారు. డబ్బు లేదు, టైం లేదు, పిల్లల్లో చాలామందికి కొండ ఊళ్ళ గిరిజనులు మాట్లాడే సవర భాష రాదు, ఒక చిన్న కాలేజీ చుట్టుపక్కల జనానికి నిజంగా ఏం చేయగలదు, ఎక్కడ మొదలుపెట్టాలి, ప్రిన్సిపాల్‌కి రిపోర్టు ఏం ఇవ్వాలి అని అడుగుతున్నారు.

నేను గజపతి జిల్లా పర్లాకిమిడి ప్రాంతంలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్ పని కూడా నేనే చూశాను. గొసాణి, కాశీనగర్, గుమ్మ బ్లాకుల్లోని ఊళ్ళు ఎక్కువగా తెలుసు. కింద పల్లెల్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, కొండమీద సవర. మీ గుణుపూర్ పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే కాబట్టి నాకు తెలిసింది మీకు పనికొస్తుందనే అనుకుంటున్నాను.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఊరి నుంచి ఒక్క ప్రశ్న తీసుకోండి. దానికి జవాబు వెతకండి. ఆ జవాబును ఊరికి అర్థమయ్యే భాషలో ఊరివాళ్ళ చేతికే ఇవ్వండి. వచ్చే ఏడు కూడా అదే ఊరికి వెళ్ళండి. దుప్పట్లు పంచడం, మొక్కలు నాటి ఫొటో దిగడం, రోడ్డు ఊడ్చడం, ఇవేవీ కాలేజీ చేయాల్సిన పనులు కావు. అవి చేయడానికి పంచాయతీ ఉంది, రోటరీ క్లబ్బులు ఉన్నాయి, ఊరి కుర్రాళ్ళు ఉన్నారు. కాలేజీ దగ్గర ఉండి ఊరి దగ్గర లేనివి నాలుగే నాలుగు: ఒక ల్యాబు, కాగితాలు చదివి అర్థం చేసుకునే పిల్లలు, ఆ పిల్లల దగ్గర ఉండే సమయం, కాలేజీ లెటర్‌హెడ్ చూస్తే ఆఫీసులో దొరికే మర్యాద. చేసేదేదో ఈ నాలుగింటితోనే చేయాలి.

ఇప్పుడు నా అనుభవంలోంచి ఒక పని వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు వెంటనే చేయగలిగింది ఇదే.

గొసాణి బ్లాకులో ఒక ఊళ్ళో ఆడవాళ్ళు అడిగింది ఒకటే, పిల్లలకు వానాకాలం వస్తే విరేచనాలు ఎందుకు పట్టుకుంటున్నాయి అని. ఊళ్ళో ఒక బోరింగు, రెండు నేలబావులు ఉన్నాయి, కొందరు పైనున్న గెడ్డ (వాగు) నుంచి నీళ్ళు తెచ్చుకుంటారు. బావి నీళ్ళు తేటగా ఉంటాయి కాబట్టి అవి మంచివనీ, బోరింగు నీళ్ళు ఇనుము వాసన వేస్తాయి కాబట్టి చెడ్డవనీ అందరి నమ్మకం. మేం ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. హెచ్‌టూఎస్ సీసాలని చిన్న సీసాలు దొరుకుతాయి, చవకే. గుర్తు వరకు నీళ్ళు పోసి మూత పెట్టి నీడలో ఉంచితే, మలం కలిసిన నీళ్ళలో ఉండే బాక్టీరియా ఉంటే 24 నుంచి 48 గంటల్లో నీళ్ళు నల్లగా మారతాయి. చలికాలంలో ఇంకొంచెం ఆలస్యం అవుతుంది. ఆ సీసాలు మా దగ్గర పెట్టుకోకుండా ఇంటింటికీ ఇచ్చాం. ఎవరి నీళ్ళు వాళ్ళే పోసుకున్నారు, ఎవరి సీసా వాళ్ళ గూట్లోనే ఉంది.

మర్నాటికి బావి నీళ్ళ సీసాలు నల్లబడ్డాయి, బోరింగువి మారలేదు. ఇక మేం చెప్పాల్సిన పని లేకపోయింది. ఆడవాళ్ళే సీసాలు పట్టుకుని బావి దగ్గరకు వెళ్ళారు. పక్కనే ఒకరి పశువులశాల, దాని వెనక పెంటకుప్ప, వాన పడితే ఆ నీరంతా వాలు వెంట వచ్చేది బావి వైపే. ఆ పశువులశాల ఎవరిదో వాళ్ళకూ మిగతావాళ్ళకూ మధ్య పెద్ద గొడవే జరిగింది. మేం అందులో నోరు పెట్టలేదు, పెట్టకూడదు కూడా. కొన్నాళ్ళకు పెంటకుప్ప మారింది, బావి చుట్టూ గట్టు కట్టారు, పంచాయతీ వాళ్ళు బ్లీచింగ్ పౌడర్ వేయించారు. నీళ్ళు కాచి తాగడం అందరూ మొదలుపెట్టారని చెప్పను, కట్టెలు మోసుకొచ్చేవాళ్ళకు ఆ మాట చెప్పడం తేలిక కాదు. పసిపిల్లలున్న ఇళ్ళలో మాత్రం మొదలైంది.

ఈ పనిలో జాగ్రత్తలు కూడా ఉన్నాయి. ఆ సీసా పరీక్ష అనుమానం చెప్పేదే కానీ తీర్పు చెప్పేది కాదు, నల్లబడిన చోటి నీటిని తాగునీటి శాఖ వాళ్ళ జిల్లా ల్యాబుకు పంపి ఖాయం చేసుకోవాలి. ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి ఈ సీసాకు అందవు. తాగునీటికి మన జాతీయ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరే దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. నైట్రేట్ 45 దాటకూడదు. ఇవి మీ కాలేజీ ల్యాబులో డిగ్రీ మూడో ఏడాది పిల్లలు చేయగలిగిన పరీక్షలే. ఇంకో సంగతి, 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పి కిట్టు ఇవ్వాలని ఉంది. మీ ఊళ్ళో ఆ కిట్టు ఎక్కడుందో కనుక్కోండి. బీరువాలో ఉంటే బయటకు తీయించి, ఆ ఐదుగురితో కలిసి మీ పిల్లలు పరీక్ష చేస్తే, మీరు వెళ్ళిపోయాక కూడా పని ఆగదు. మా ఊళ్ళో రెండో వానాకాలం పరీక్షలు చేసింది ఆడవాళ్ళే, మా పిల్లలు రాసుకున్నారంతే.

మా పిల్లలకు కూడా ఇందులో దక్కింది చాలా ఉంది. టైట్రేషన్ (నీటిలో ఏది ఎంతుందో కొలిచే పరీక్ష) రికార్డు పుస్తకం కోసం చేసినప్పుడు అంకె సరిపోకపోతే “ఎండ్ పాయింట్ దాటింది సార్” అని వదిలేసేవాళ్ళు, ఒక తల్లి తాగే నీటి అంకె అయ్యేసరికి మళ్ళీ మళ్ళీ చేసి తెచ్చారు. క్లాసులో నేను ఎంత చెప్పినా రాని శ్రద్ధ అది.

ఇక రెండో రకం పని, కాగితాలు చదివిపెట్టడం. ఇది ల్యాబు లేని ఆర్ట్స్ కాలేజీలు కూడా చేయొచ్చు, నన్నడిగితే కొండప్రాంతంలో దీనికి మించిన సేవ లేదు.

2006 అటవీ హక్కుల చట్టం సంగతి మీకు తెలిసే ఉంటుంది. పోడు చేసుకునే సవర కుటుంబం పట్టా కోసం దరఖాస్తు పెడితే, 2005 డిసెంబరు 13కి ముందు నుంచి ఆ భూమి వాళ్ళ సాగులో ఉందని చూపించాలి, 4 హెక్టార్లకు మించి రాదు. గిరిజనులు కాని అడవి పక్క కుటుంబాలైతే, మన తెలుగువాళ్ళలో అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ తేదీకి ముందు 75 ఏళ్ళుగా అక్కడే ఉంటున్నట్టు చూపాలి. దరఖాస్తు గ్రామసభకు వెళ్తుంది, అక్కడి నుంచి సబ్ డివిజన్ కమిటీకి, తర్వాత జిల్లా కమిటీకి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు పెట్టుకోవచ్చు. ఈ సంగతులు ఊళ్ళో సగం మందికి తెలియవు. ఒడియాలో వచ్చిన తిరస్కరణ కాగితాన్ని పట్టా కాగితం అనుకుని ప్లాస్టిక్ కవర్లో చుట్టి దూలం మీద దాచుకున్న ఇల్లు నేను చూశాను. అప్పీలు గడువు ఎప్పుడో దాటిపోయింది.

మా పొలిటికల్ సైన్స్, హిస్టరీ పిల్లలు చేసింది చాలా మామూలు పని. ఇంటింటికీ వెళ్ళి ఉన్న కాగితాలు చదివి, ఇదేమిటో, దీని మీద తేదీ ఎంతో, ఇంకా ఏం చేయాలో వాళ్ళ భాషలో చెప్పడం. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని చేను చుట్టూ రైతుతో కలిసి నడిచి గీత తీయడం. సాక్ష్యాల్లో ఊరి పెద్దల వాంగ్మూలం కూడా చెల్లుతుంది, దరఖాస్తు పెట్టిన మనిషిది కాకుండా వేరే పెద్దలది అయి ఉండాలి. ఆ వాంగ్మూలాలు కూర్చుని రాసిపెట్టడం. ఇందులో ఒక విశేషం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, కొన్ని కుటుంబాల దగ్గర జమీందారీ కాలం నాటి కాగితాలు తెలుగులో ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివిన పిల్లలకు ఆ గొలుసుకట్టు రాత అంతు పట్టదు. రిటైరైన తెలుగు మాస్టారు ఒకరిని బతిమాలి తీసుకెళ్ళాం. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఒక్కొక్క ముక్కా చదువుతుంటే పిల్లలు ఒడియాలో రాసుకున్నారు. మీ ఊళ్ళో కూడా అలాంటి మాస్టారు ఉంటారు, వెతకండి.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. ఏ చేను ఎవరిది అన్నది పిల్లలు తేల్చకూడదు. అది గ్రామసభ పని. రెండు కుటుంబాల మధ్య తగాదా ఉన్న భూమి అని తెలిస్తే కొలతకు కూడా వెళ్ళొద్దు. ముందు వాళ్ళు మాట్లాడుకోవాలి.

ఇప్పుడు మీ పెద్దాయన మాటకు వస్తాను, “రాసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ కనపడలేదు.” మన సరిహద్దు పల్లెల్లో చదువుకున్నవాళ్ళ మీద నమ్మకం తగ్గడానికి ఇదే పెద్ద కారణం అని నేను గట్టిగా నమ్ముతాను.

మనకు పక్కనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉంది. కిడ్నీ జబ్బుతో అక్కడ ఇళ్ళకు ఇళ్ళే కూలిపోయాయి. ఎన్నో ఏళ్ళుగా ఎందరో పరిశోధకులు వచ్చారు, రక్తం, మూత్రం, నీరు, మట్టి నమూనాలు తీసుకెళ్ళారు. ఇదీ కారణం అని ఒక్క మాటలో తేల్చి చెప్పే జవాబు ఇంకా రాలేదు, సైన్స్ ఒక్కోసారి అంత టైం తీసుకుంటుంది, దానికి ఎవరినీ తప్పు పట్టను. కానీ నాకు అక్కడ చుట్టాలున్నారు. వాళ్ళింట్లో ఒక పెద్దావిడ “ఎన్నిసార్లు రక్తం ఇచ్చామో లెక్కలేదు బాబూ, నా రక్తంలో ఏముందో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు” అంది. కారణం తెలియకపోయినా ఆవిడ క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపు అంకె) ఎంతో ఆవిడకు చెప్పొచ్చు కదా. ఎక్కువగా ఉంటే ఏ ఆస్పత్రికి వెళ్ళాలో, ఏ నొప్పి మాత్రలు వేసుకోకూడదో చెప్పొచ్చు కదా. అందుకే నా నియమం ఇది: మనిషి దగ్గర ఏ నమూనా తీసుకున్నా, ఆ ఫలితం మొదట చేరాల్సింది ఆ మనిషికి. పేపర్లు, ప్రాజెక్టులు తర్వాత. ఫలితం తిరిగి ఇచ్చే ఏర్పాటు లేకపోతే నమూనా తీయొద్దు. డాక్టరు, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా పిల్లల చేత రక్తం అసలే తీయించొద్దు.

ఇంకో సరిహద్దు సంగతి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో తెలుగువాళ్ళు ఎక్కువ. అక్కడ పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో ఒక మహా డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి, బరాపాసారస్ అని పేరు పెట్టారు, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఎంతో శ్రమపడి తవ్వి తీసి అస్థిపంజరంగా నిలబెట్టారు. గొప్ప పని. ఆ ఎముకలు భద్రంగా ఉండాలంటే మ్యూజియంలోనే ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ తన పొలం గట్టు కింద దొరికిన జంతువును చూడాలంటే పోచంపల్లి పిల్ల కోల్‌కతా వెళ్ళాలి. ఒక నమూనా ఎముక, ఒక బొమ్మ, తెలుగులోనూ మరాఠీలోనూ ఒక పేజీ కథ స్థానిక బడిలో ఉంటే ఆ పిల్లల్లో ఒకరైనా జియాలజీ చదివేవారేమో. ఆ జిల్లాలో 2011లో గోండ్వానా యూనివర్సిటీ వచ్చింది కాబట్టి ఇలాంటి పనులకు ఇప్పుడు దగ్గరలోనే ఒక ఇల్లు ఉంది. సొంత జిల్లాలో యూనివర్సిటీ ఉండటం వల్ల అసలు లాభం ఇదేనని నా అభిప్రాయం.

అదే గడ్చిరోలిలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ యూనివర్సిటీ కాదు, కానీ పరిశోధన ఎలా ఊరిది కావాలో చూపించింది. పల్లె ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంట్లోనే చూసుకునే పద్ధతి నేర్పారు. ఆ ఊళ్ళలో నెలలోపు శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. తర్వాత అదే పద్ధతి దేశమంతా ఆశా కార్యకర్తల పనిలో భాగమైంది. మీ పిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్పండి. ఇంత దూరపు జిల్లా నుంచి, అక్షరం సరిగా రాని ఆడవాళ్ళ చేతుల మీదుగా దేశానికి ఒక పద్ధతి వెళ్ళింది.

భాష సంగతి. మీ పిల్లల్లో చాలామందికి సవర రాదన్నారు. వచ్చిన పిల్లలు కొందరైనా ఉంటారు కదా, హాస్టల్లో వెనక బెంచీలో కూర్చుని ఇంగ్లీషు రాదని నోరు విప్పని పిల్లలు. వాళ్ళను టీం లీడర్లను చేయండి. మాట వరసకు కాదు, నిజంగానే. ఏం అడగాలో, ఎలా అడగాలో, ఏది అడిగితే తప్పుగా అనుకుంటారో వాళ్ళే చెప్పాలి, మిగతావాళ్ళు రాసుకోవాలి. క్లాసులో ఫస్ట్ వచ్చే అమ్మాయి ఆ పిల్ల వెనక నోట్‌బుక్ పట్టుకుని నడవడం రెండు వైపులా చాలా మేలు చేస్తుంది, నేను కళ్ళారా చూశాను. ఊళ్ళోకి వెళ్ళేముందు గొమాంగ్ (సవర ఊరి పెద్ద) దగ్గరకు వెళ్ళి చెప్పి రావడం కూడా వాళ్ళకే తెలుసు.

ఈ విషయంలో మనకు దారి చూపిన మనిషి మన పర్లాకిమిడి మాస్టారే. గిడుగు రామమూర్తి గారిని వ్యావహారిక భాష కోసం అందరూ తలుచుకుంటారు, ఆగస్టు 29న సభలు పెడతారు. కానీ రాజా వారి స్కూల్లో, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే ఆయన సవర భాష నేర్చుకున్నారు. రెండు భాషలూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు సొంత డబ్బుతో పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వాడటం వల్ల వినికిడి పోయింది. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర పుస్తకాలు అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి పెట్టి నడపండి అన్నారు. ఇవాళ మనం సామాజిక బాధ్యత అని పేజీలకు పేజీలు రాస్తున్నదంతా ఆయన ఒక్కరే, ఏ పథకమూ లేకుండా, ఒక జిల్లా స్థాయి మాస్టారుగా చేశారు. డబ్బు లేదు, టైం లేదు అన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

మరో విషయం, మనం ఊరికి నేర్పడానికే వెళ్తున్నామని పిల్లలు అనుకుంటారు, ఆ ఆలోచన మొదట్లోనే తీసేయాలి. కొరాపుట్ ప్రాంతపు సాగు పద్ధతులను 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ జిల్లా గిరిజన రైతు కమలా పూజారి గారు దేశవాళీ వరి విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. మీ ఐదు ఊళ్ళలో కూడా ఏ వరి ఏ నేలకు ఆగుతుందో, చోళ్ళు (రాగులు), కందులు ఎలా కలిపి చల్లాలో తెలిసిన మనుషులు ఉన్నారు. బోటనీ పిల్లల చేత ఆ గింజలు సేకరించి, పేరు, పండించే నేల, ఇచ్చిన మనిషి పేరు రాసి పెట్టించండి. ఇచ్చినవాళ్ళ పేరు రాయడం మరిచిపోవద్దు. ఆ తర్వాత వాళ్ళను కాలేజీకి పిలిచి, కుర్చీ వేసి, పాఠం చెప్పించండి, గెస్ట్ లెక్చరర్‌కు ఇచ్చే డబ్బే వాళ్ళకూ ఇప్పించండి. మా దగ్గర అకౌంట్స్ వాళ్ళు డిగ్రీ సర్టిఫికెట్ ఏదని అడిగారు, చాలా తిరగాల్సి వచ్చింది, కానీ ఇచ్చారు.

అసలు సమాజం యూనివర్సిటీలకు పెట్టింది తక్కువేమీ కాదు. కొరాపుట్ జిల్లా జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు, అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. మహారాజు చేతికి ఆ లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ కొండల్లో, ఈ పొలాల్లో పండిన పంట నుంచే. కాబట్టి కాలేజీ ఊరికి వెళ్ళడం దయ కాదు, పాత బాకీ తీర్చడం.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. వారపు సంతకు వెళ్ళండి. ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఒక బల్ల, ఒక నోట్‌బుక్, “మీకు తెలుసుకోవాలని ఉన్నది అడగండి” అని ఒడియాలో, తెలుగులో ఒక అట్ట. హాలండ్‌లో 1970ల్లో సైన్స్ షాపులని మొదలుపెట్టారు, మామూలు జనం తమ ప్రశ్న తెచ్చి యూనివర్సిటీకి ఇస్తే విద్యార్థులు దాని మీద పని చేస్తారు. మన సంత అంతకంటే మంచి చోటు, కొండ ఊళ్ళూ కింది ఊళ్ళూ అక్కడే కలుస్తాయి. మాకు వచ్చిన ప్రశ్నలు: జీడిపూత ఎందుకు మాడిపోతోంది, చింతపండు తూకంలో మోసం ఉందా, రేషన్ కార్డులో పేరు ఎందుకు తీసేశారు, పెన్షన్ ఎందుకు ఆగింది, చీపుళ్ళకు సర్కారు రేటు ఎంత. వీటిలో సగం మీ వల్ల కావు. జీడిపూత కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళకు పంపండి, కానీ పంపి వదిలేయకుండా, వాళ్ళేం చెప్పారో వచ్చే సంతలో అడిగినవాళ్ళకు చెప్పండి. మా వల్ల కాదు అన్న మాట కూడా తిరిగి వెళ్ళి చెప్పాల్సిందే. చాలామంది అధికారులు ఆ మాట కూడా చెప్పకుండా తప్పించుకుంటారు కాబట్టి, జనం ఆ ఒక్క దానికే మిమ్మల్ని నమ్మడం మొదలుపెడతారు.

ఐదు ఊళ్ళు అన్నారు. కాగితం మీద ఐదూ ఉండనివ్వండి, పథకం నియమం అది. మనసు మాత్రం ఒక్క ఊరి మీద పెట్టండి, రెండో ఏడు రెండోది కలుపుకోండి. ఎన్‌ఎస్‌ఎస్ పెట్టే ఏడు రోజుల క్యాంపును పారేయొద్దు, అది పిల్లలు ఊళ్ళో నిద్రపోయి లేచే అవకాశం. కానీ ఏడు రోజుల్లో ఊరికి ఏదో అయిపోతుందని అనుకోవద్దు. రెండేళ్ళలో ఒక్కో వాలంటీరు 240 గంటలు పనిచేయాలి కదా, ఆ గంటలను క్యాంపు ముందూ వెనకా నెలకోసారి అదే ఊరికి వెళ్ళేలా పంచుకోండి. వరికోతల రోజుల్లో క్యాంపు పెట్టొద్దు. ఎవరూ ఇంట్లో ఉండరు, ఉన్నవాళ్ళకు మీతో మాట్లాడే ఓపిక ఉండదు. ఆడపిల్లలు ఉండే చోట మరుగుదొడ్డి, నీళ్ళు, తలుపుకి గొళ్ళెం ముందే మీరే వెళ్ళి చూసుకోండి, ఇంకొకరి మాట మీద వదిలేయొద్దు.

తుపాను లాంటి ఆపద వస్తే పరిస్థితి వేరు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి, బరఘర లాంటి చోట్ల ప్రాణాలు పోయాయి. ఆ సమయంలో మా పిల్లలు బాగా పనికొచ్చింది బియ్యం మోయడంలో కంటే నష్టం జాబితాల్లో. ఎవరి పేరు తప్పిపోయింది, ఎవరి బ్యాంకు అకౌంట్ నంబరు తప్పు పడింది, ఎవరు కొండ మీద ఉండి లెక్కలోకే రాలేదు. ఊరిని అంతకుముందు నుంచి తెలిసిన పిల్లలు కాబట్టే అది చేయగలిగారు. కొత్తగా వెళ్ళినవాళ్ళకు ఏ ఇల్లు లేదో ఎలా తెలుస్తుంది?

మీకు ఎదురయ్యే కష్టం ఊరి నుంచి ఎక్కువ రాదు, కాలేజీ లోపలి నుంచి వస్తుంది. ప్రమోషన్‌కు పేపర్లు లెక్కలోకి వస్తాయి, ఊళ్ళో గడిపిన ఆదివారాలు పెద్దగా రావు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళు వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్ కింద ఎన్ని కార్యక్రమాలు, ఎంతమంది విద్యార్థులు అని అడుగుతారు. ఊరికి ఏం తేడా వచ్చిందో చెప్పే కాలమ్‌ను మనమే పెట్టుకోవాలి. ఇది బాధగానే ఉంటుంది, చిన్న కాలేజీల్లో మంచి లెక్చరర్లు ఈ కారణంతోనే చల్లబడిపోవడం చూశాను. ఒక దారి ఉంది. సామాజిక భాగస్వామ్యం మీద యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల్లో 2 క్రెడిట్ల కోర్సు ఉంది, అందులో కనీసం సగం సమయం క్షేత్రంలో గడపాలి. మీ అకడమిక్ కమిటీలో దాన్ని పట్టుబట్టి పెట్టించండి. పిల్లలకు మార్కులు వస్తాయి, మీకు టైంటేబుల్లో గంటలు దొరుకుతాయి, ప్రిన్సిపాల్‌కు చూపించడానికి సర్క్యులర్ ఉంటుంది. నీటి పరీక్షలు, గింజల జాబితా, కాగితాల సర్వే, ఇవన్నీ ఆ కోర్సు ప్రాజెక్టులే అవుతాయి.

రిపోర్టు సంగతి చెప్పి ఆపుతాను. ప్రిన్సిపాల్‌కు ఇచ్చేది పథకం ఫార్మాట్‌లోనే ఇవ్వండి, ఫొటోలు అడిగితే ఫొటోలూ ఇవ్వండి, దాంతో పోట్లాట పెట్టుకోవద్దు. దానికంటే ముందు ఇంకో రిపోర్టు తయారుచేయండి, ఒకే పేజీ. పైన ఊరు అడిగిన ప్రశ్న, కింద మీకు తెలిసిన జవాబు, దాని కింద ఎవరు ఏ తేదీలోపు ఏం చేయాలి, చివర మీ ఫోన్ నంబరు. ఒడియా, తెలుగు రెండిట్లోనూ పెద్ద అక్షరాలతో రాసి, బడి గోడకు, రేషన్ షాపుకు అంటించండి, సవరలో ఎవరైనా చదివి వినిపించేలా చూడండి. మిమ్మల్ని అడిగిన ఆ పెద్దాయనకు ఒక కాపీ ఇంటికే తీసుకెళ్ళి ఇవ్వండి. ఆయన అందులో తప్పు పట్టుకుంటే దిద్దుకుని, ఆ దిద్దిన కాపీనే ప్రిన్సిపాల్ రిపోర్టుకు జతచేయండి.